వృత్తి అనే గడి

నాలుగేళ్ల కిందట ఒక వేసవి సాయంత్రం, నరసాపురం దగ్గరి ఊళ్లో మా కాలేజీ పిల్లలు ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చిన సర్వే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. అరవై చిల్లర ఇళ్లు, ఇంటికో కాగితం. పేర్లు, వయసులు, చదువులు, చివర ‘వృత్తి’ అని ఒక గడి. మగవాళ్ల గడులు చదువుతుంటే ఊరు కళ్లకు కట్టింది. కౌలు రైతు, రొయ్యల చెరువు కాపలా, తాపీ మేస్త్రి, ఆటో డ్రైవరు, ఇద్దరు ముగ్గురు గల్ఫులో. ఆడవాళ్ల గడికి వచ్చేసరికి మాత్రం కాగితం తర్వాత కాగితం ఒకటే మాట: హౌస్ వైఫ్.

ఆ జట్టును నడిపించింది కంప్యూటర్ సైన్సు చదివే అమ్మాయి. మర్నాడు పిలిచాను.

“చివరింటి మామ్మగారు నీతో మాట్లాడుతున్నప్పుడు ఆవిడ చేతిలో ఏముందమ్మా?”

కాసేపు ఆలోచించింది. “లేసు సార్. అల్లుతూనే చెప్పారు.”

“ఇంకా ఎన్నిళ్లలో చూశావు అలా?”

“చాలా ఇళ్లలో సార్. మా అమ్మ కూడా అల్లుద్ది.”

ఆ మాట నోటి నుంచి వచ్చాక తనకే ఏదో తట్టింది. ముఖం మారిపోయింది. కాగితాలన్నీ తీసుకుని, “మళ్లీ వెళ్లొస్తాం సార్” అని వెళ్లిపోయింది.

నరసాపురం లేసు కొత్తది కాదు. 19వ శతాబ్దంలో మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకు నేర్పిన అల్లిక అది. గోదావరి డెల్టా ఊళ్లలో ఇంటింటికీ పాకింది. అరుగు మీద కూర్చుని చిన్న సూదితో అల్లిన పువ్వులు ఏజెంట్ల చేతులు మారి, ఓడలెక్కి, ఎక్కడెక్కడి భోజనాల బల్లల మీదో పరుచుకుంటాయి. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ ఆడవాళ్ల మధ్య తిరిగి, వాళ్ల రోజునూ వాళ్ల కూలినీ లెక్కగట్టి, 1982లో ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకం రాసింది. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్న మనిషిని ‘ఇంట్లో ఉండే ఆవిడ’ అని పిలవడం వల్లే ఆవిడ పని తీరిక వేళ కాలక్షేపంగా చలామణీ అవుతోందనీ, అందుకే కూలి అంత తక్కువనీ ఆ పుస్తకం వాదన. నలభై ఏళ్లు గడిచాక, ఆ ప్రాంతపు పిల్లలే, తల్లి అల్లిక చూస్తూ పెరిగిన పిల్లలే, మళ్లీ అదే గడిలో అదే మాట రాశారు.

తప్పు వాళ్లది కాదు. ‘మీరేం పని చేస్తారు?’ అని అడిగితే ఆ ఆడవాళ్లే ‘ఏముందమ్మా, ఇంట్లోనే’ అన్నారు. రెండోసారి వెళ్లినప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న మార్చింది. “నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏమేం చేశారు మామ్మగారూ?” అని అడిగింది. అంతే, జవాబులు మారిపోయాయి. వంటయ్యాక ఎంతసేపు అల్లుతారు, మధ్యాహ్నం ఎవరి అరుగు మీద చేరతారు, దారం ఎవరు తెచ్చిస్తారు, కూలి ఎలా లెక్క కడతారు, చూపు ఏ వయసులో మందగిస్తుంది, అన్నీ బయటపడ్డాయి. సగానికి పైగా ఇళ్లలో లేసు ఉంది.

ముప్పై ఏళ్లకు దగ్గరగా డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతున్నాను. ‘హిస్టరీ చదివితే ఏమొస్తుంది సార్, ఉద్యోగాలొచ్చే కోర్సులో చేర్చాలనుకుంటున్నాం’ అని తల్లిదండ్రులు అడ్మిషన్ల వేళ నా ముందే అంటుంటారు. వాళ్ల భయం నాకు తెలుసు. అప్పు చేసి చదివించేవాళ్లకు ఆ భయం ఉండాల్సిందే. కాని ఆ అమ్మాయి ప్రశ్న మార్చుకున్న రోజున, నేను ఇన్నేళ్లూ వాళ్లకు సరిగ్గా చెప్పలేకపోయిన జవాబు నా బల్ల మీద కాగితాల రూపంలో ఉంది.

ఆ జవాబుకు ఇంగ్లీషు పేరు లిబరల్ ఎడ్యుకేషన్. దానికి తెలుగులో సరిపోయే మాట నాకింకా దొరకలేదు. ఉదార విద్య అంటే దానధర్మంలా వినిపిస్తుంది. కొందరు దాన్ని సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం అనే సబ్జెక్టుల మూట అనుకుంటారు. ఆ మూటను నేనూ పంచాను. ఒకప్పుడు మా దగ్గర సైన్సు, కామర్సు పిల్లలందరికీ మొదటి ఏడాది ‘భారతీయ వారసత్వం, సంస్కృతి’ అనే పేపరు ఉండేది. గైడు కొనుక్కుని రాత్రికి రాత్రి బట్టీపట్టి పాసయ్యేవాళ్లు. పరీక్ష హాల్లోంచి బయటికి రాగానే మర్చిపోయేవాళ్లు. పేపరు పెట్టినంత మాత్రాన అది ఉదార విద్య కాలేదు. లేసు అల్లుతున్న చేతిని చూసి గడిలో రాసిన మాటను అనుమానించడం నేర్పిందే అసలు చదువు. అది చరిత్ర క్లాసులో రావచ్చు, కంప్యూటరు క్లాసులోనూ రావచ్చు. చరిత్ర, సాహిత్యం లాంటివి ఆ అనుమానాన్ని తరతరాలుగా సాధన చేస్తూ వచ్చిన విద్యలు కాబట్టి, అక్కడ దొరకడం కొంచెం సులువు.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలకు పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసినప్పుడు, దానిలో మొదటి మెట్టుగా రెండో సెమిస్టరు అయ్యాక 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు. ఊళ్లోకి వెళ్లాలి, సర్వే చేయాలి, రోజూ లాగ్ బుక్ రాయాలి. మొదట చెప్పిన సర్వే దీనికోసం చేసిందే. 2023-24లో పాత మూడు సబ్జెక్టుల పద్ధతి పోయి సింగిల్ మేజర్ వచ్చింది. ఒక సబ్జెక్టును లోతుగా చదవడం మంచిదే, నేను కాదనను. కాని మేజర్ ఏదైనా, బీకాం పిల్లవాడూ జువాలజీ అమ్మాయీ ఒకే అరుగు మీద కూర్చుని తమకు తెలియని మనిషి మాట వినే చోటు ఈ 180 గంటలే. చాలా కాలేజీల్లో దాన్నేం చేస్తున్నామో మనందరికీ తెలుసు. కాలేజీ ఎదుట జిరాక్సు షాపులో నిరుటి లాగ్ బుక్కు దొరుకుతుంది. ఊరి పేరు మారుతుంది, సంతకం మారుతుంది. పిల్లల మీద నాకు కోపం లేదు. చదవకుండా సంతకాలు పెట్టేది మేము.

తెలియని మనిషి మాట వినడమే చదువుగా చేసుకున్నవాళ్లు మనకున్నారు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. ఎవరూ సిలబస్ ఇవ్వలేదు. సవరా తెలుగూ రెండూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, మాట వెంట మాట విని రాసుకున్నారు. వ్యాకరణం, నిఘంటువు ఆ తర్వాత వచ్చినవి. ముందు వచ్చింది వినికిడి. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరం చెప్పుకుంటాం. దాని వెనక ఉన్న ఈ పనిని మా క్లాసుల్లో తక్కువ చెబుతాం.

వినికిడి అంటే మరో ఇబ్బంది గుర్తొస్తోంది. మా పిల్లలు అడిగేది తెలుగులో, రిపోర్టు రాసేది ఇంగ్లీషులో. ఒక మామ్మ “ఊరికే కూర్చోలేక అల్లుతున్నానమ్మా, నా మందులకైనా వస్తాయని” అంది. రిపోర్టులో అది ‘పార్ట్ టైమ్ యాక్టివిటీ’ అయింది. మందులు పోయాయి. కొడుకును అడగకుండా తన మందులు తను కొనుక్కోవాలన్న ఆ మనిషి అభిమానం పోయింది. ఆ అమ్మాయి చేత రిపోర్టు మూడుసార్లు తిరగరాయించాను. ముందు తెలుగులో, మామ్మ అన్నది అన్నట్టు. తర్వాత ఇంగ్లీషులో, ఒక్క విషయమూ జారకుండా. మూడోసారి ఒక్క పేజీలో, పంచాయతీ సెక్రటరీ నిలబడి చదివినా అర్థమయ్యేలా. మూడోదానికి ఎక్కువ రోజులు పట్టింది. మూడు రోజుల సాఫ్ట్ స్కిల్స్ శిక్షణలో చిరునవ్వు, కరచాలనం నేర్పుతారు. ఈ ఒక్క పేజీ రాయడం వాటితో రాదు.

ఆ ప్రాజెక్టు వల్ల ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చిందని చెప్పను. రాలేదు. ఆప్టిట్యూడ్ పరీక్ష రాసి, కోడింగ్ చేసి చూపించి హైదరాబాదులో చేరింది. చేరిన ఆర్నెల్లకు ఫోన్ చేసింది. ఒక ఆస్పత్రికి సాఫ్ట్‌వేర్ చేస్తున్నారట. నర్సులు నింపాల్సిన వివరాలు ఒకే స్క్రీన్ మీద ఇరవైకి పైగా గడులు.

“నైట్ డ్యూటీ నర్సు ఇది ఎక్కడ నిలబడి నింపుద్ది అని మీటింగులో అడిగాను సార్. ఎవరికీ తెలీదు. వెళ్లి చూసి రమ్మన్నారు.”

“వెళ్లావా?”

“రెండు రాత్రులు ఉన్నాను సార్. ఆవిడ చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. టైపు చేయడానికి చెయ్యి ఖాళీ ఉండదు.”

గడులు తగ్గించారని ఆ తర్వాత చెప్పింది. మా కాలేజీలో ఆ అమ్మాయి నేర్చుకున్న ప్రోగ్రామింగ్ భాష ఆ కంపెనీలో వాడటం లేదు. అది అక్కడికెళ్లి కొత్తగా నేర్చుకుంది. చేతిలో ఏముందో చూడటం మాత్రం ఇక్కడినుంచే పట్టుకెళ్లింది.

తోటి లెక్చరర్లకు నేను అడిగేది చిన్నదే. ఈసారి లాగ్ బుక్ మీద సంతకం పెట్టేముందు ఒక్క పేజీ చదవండి. దాని గురించి ఒక్క ప్రశ్న అడగండి. ఇక మీకు, పాఠకులకు: పరీక్షలయ్యాక మండుటెండలో నలుగురు పిల్లలు కాగితాలు పట్టుకుని మీ గడప ముందు నిలబడితే, అవును కాదు అని చెప్పి పంపేయకండి. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టండి. నిన్న మీరు చేసిన పనులన్నీ చెప్పండి.