పెట్టె ఎక్కే తీపి, ఎక్కని తీపి

అమెరికా టికెట్ బుక్ అయిన ఇంట్లో బట్టల కంటే ముందు తూకానికి ఎక్కేవి తీపి డబ్బాలు. చాలా విమానాల్లో మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు. పచ్చళ్లకూ కారప్పొడులకూ పోగా మిగిలిన బరువంతా తీపిదే. హైదరాబాద్‌లో ఆ కొనుగోళ్లకు పాత దారి గన్‌ఫౌండ్రీ చుట్టుపక్కలే ఉంది. 18వ శతాబ్దం చివర ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం సైన్యం కోసం ఫిరంగులు పోత పోయించిన చోటది. అక్కణ్నించి అబిడ్స్‌లో పుల్లారెడ్డి నేతి మిఠాయిలు, మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ, నాంపల్లి రోడ్డులో హమీదీ వారి జౌజీ హల్వా అన్నీ నడిచి చుట్టి రాగల దూరమే. ఒకటి కర్నూలు నుంచి వచ్చింది, ఒకటి సింధ్ నుంచి, ఒకటి టర్కీ వైపు నుంచి. ఈ మూడింటినీ కలిపే సంగతి ఒకటుంది: మూడూ నీటిని జయించిన వంటలు.

తీపి చెడిపోవడానికి కారణం అందులో స్వేచ్ఛగా తిరిగే నీరు. బూజుకూ సూక్ష్మజీవులకూ అదే ఆధారం. ఆ నీటిని సెగతో వెళ్లగొట్టాలి, లేదంటే చక్కెరతో కట్టేయాలి. ఫ్రిజ్‌లు లేని కాలంలో మన వంటవాళ్లు ఈ రెండు దారుల్లోనూ ఆరితేరారు. ఈరోజు డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో డబ్బా మూత తీసేవాళ్లు తింటున్నది ఆ పనితనాన్నే.

జౌజీ హల్వా సంగతే చూడండి. గోధుమలు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పడతారు. దాని పేరు సమ్నక్. మొలకెత్తేటప్పుడు గింజలోని ఎంజైములు పిండి పదార్థాన్ని విడగొట్టి మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తాయి. అందుకే పంచదార పడకముందే ఆ పిండిలో తీపి ఉంటుంది. పాలు, పంచదార, నెయ్యి చేర్చి గంటల తరబడి అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. పాలలోని నీరు ఇగిరిపోతుంది, పాల మాంసకృత్తులూ చక్కెరలూ వేడికి కలిసి ముదురు గోధుమ రంగు తెస్తాయి, చివరికి నెయ్యి పైకి తేలి ముద్ద గిన్నెను వదిలేస్తుంది. జాజికాయ ఘాటు, కుంకుమపువ్వు వాసన ఆ తర్వాతి సంగతి. ముక్క నోట్లో వేసుకుంటే కొంత బంకగా, కొంత పలుకుగా తగులుతుంది. ఇరాన్‌లో నౌరోజ్‌కు వండే సమనూ, మధ్య ఆసియాలోని సుమలక్ దీనికి దగ్గరి చుట్టాలు. అక్కడ పంచదార వేయకుండా మొలక తీపితోనే సరిపెడతారు. హైదరాబాద్ చేరేసరికి నెయ్యీ పంచదారా కలిసి అది పండగ తీపి అయింది, నిలవా పెరిగింది.

కరాచీ బేకరీది ఇంకో దారి. దేశ విభజనలో సింధ్ వదిలి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో దాన్ని మొదలుపెట్టారు. పండ్ల బిస్కెట్లలో కనిపించే ఎర్ర, పచ్చ ముక్కలు పండ్లేమీ కావు. మామూలుగా అవి పచ్చి బొప్పాయి ముక్కలు. వాటిని ఉడికించి పంచదార పాకంలో నానబెడితే పాకం ముక్కలోని నీటిని బయటికి లాగి ఆ చోట తాను చేరుతుంది. తర్వాత ఆరబెడతారు. అదే దుకాణాల్లో ఉండే ఉస్మానియా బిస్కెట్‌లో తీపితో పాటు ఉప్పూ తగులుతుంది. కొవ్వు బాగా పట్టించిన మైదా సాగదు కాబట్టి బిస్కెట్ గుల్లగా ఉంటుంది, ఇరానీ చాయ్‌లో ముంచగానే మెత్తబడుతుంది. దానికి శత్రువు గాలిలోని చెమ్మ ఒక్కటే.

ఇక మన పిండివంటలు. 1948లో కర్నూలులో మొదలైన పుల్లారెడ్డి వారి పేరు నిలబడింది నెయ్యి మీద. సున్నుండల్లో నీటి ఊసే లేదు: వేయించిన మినప్పిండి, బెల్లం, నెయ్యి. అసలు పరీక్ష అరిసెలది. బియ్యం రాత్రంతా నానబెట్టి, వాడ్చి, తడి ఆరకముందే పిండి పట్టించి, జల్లించి మూత పెడతారు. పక్కన బెల్లం పాకం ఉడుకుతుంటుంది. పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి రెండు చుక్కలు వేస్తారు. చుక్క కరిగిపోతే ఇంకా లేత, వేళ్లతో ఉండ చేస్తే మెత్తగా నిలిస్తే సరి. మామూలు పంచదార పాకమైతే ఆ దశ 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య వస్తుంది, అప్పటికి పాకంలో మిగిలే నీరు దాదాపు 15 శాతమే. ఒక్క నిమిషం ఏమరితే పాకం ముదిరి అరిసె రాయవుతుంది, తొందరపడి దించితే నూనెలో విడిపోతుంది. థర్మామీటరు లేకుండా ఆ నాలుగు డిగ్రీల సందును వేళ్లతో పట్టడమే అరిసెల విద్య. కాల్చి, చెక్కల మధ్య నూనె ఒత్తేసిన అరిసె వారాల తరబడి నిలవుంటుంది.

బొబ్బట్టుకు ఆ భాగ్యం లేదు. పూర్ణంలో చెమ్మ ఉంటుంది కాబట్టి రెండో రోజుకే అనుమానం. ఆప్రికాట్లు ఉడికించి చేసే ఖుబానీ కా మీఠా కథా అంతే. ఆత్రేయపురం పూతరేకులు, 2023లో భౌగోళిక గుర్తింపు పొందినవి, నీటి పరీక్ష నెగ్గుతాయి కానీ పెట్టె పరీక్షలో తప్పుతాయి. కాగితమంత పల్చని రేకు న్యూజెర్సీ చేరేసరికి పొడి కింద లెక్క.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. పరదేశంలో ఉన్న జపాన్‌వాళ్లూ ఇలాగే వెతుక్కుంటారు. చిక్కుడు గింజల ముద్దను అగర్‌తో, బోలెడు పంచదారతో గట్టిపరిచిన యోకాన్ నెలల తరబడి నిలవుండి ఎంత దూరమైనా వస్తుంది. జిగురు బియ్యప్పిండి పొరలో తీపి ముద్ద చుట్టిన దైఫుకు మాత్రం నాడు చేసి నాడే తినాలి, మర్నాటికే పొర గట్టిపడుతుంది. తోరాయా అనే పాత జపాన్ మిఠాయి సంస్థ 1980లో పారిస్‌లో దుకాణమే తెరిచింది. తీపి రాలేని చోటికి పనితనం తరలివెళ్లింది.

మనవాళ్లూ ఆ దారే పడుతున్నారు. న్యూజెర్సీ ఎడిసన్‌లోని ఓక్ ట్రీ రోడ్డు లాంటి చోట్ల దేశీ దుకాణాల అరల్లో బిస్కెట్లు తేలిగ్గానే దొరుకుతాయి. సంక్రాంతి వచ్చిందంటే అరిసెలకు మాత్రం ఇంట్లో వండి అమ్మే ఆంటీల వాట్సాప్ నంబర్లు చేతులు మారతాయి. ప్యాకెట్‌లో అమ్మే పొడి బియ్యప్పిండితో చేసినవాళ్లకు అరిసె ఎందుకు గట్టిపడిందో అర్థం కాదు. పొడి పిండి పాకాన్ని ఎక్కువ తాగేస్తుంది. బియ్యం నానబెట్టి మిక్సీలో తిప్పి జల్లించుకుంటే సగం చిక్కు తీరినట్టే.

కాబట్టి ఈ దారిన వచ్చినవాళ్లు కొనుగోళ్లకు ఓ వరస పెట్టుకోవడం మంచిది. బిస్కెట్లు, హల్వా, సున్నుండలు పెట్టెకు. పాకం చూడటం అమ్మ పక్కన పొయ్యి దగ్గర నిలబడి నేర్చుకోవాలి, దానికి బరువు లేదు. సీతాఫలం ఐస్‌క్రీమ్ మాత్రం మొజంజాహీ మార్కెట్ ముందు కూర్చుని తినేసి పోవాల్సిందే. వేసవిలో వచ్చి అది దొరకలేదని చిన్నబోయేవాళ్లు వచ్చేసారి టికెట్ సీతాఫలాలు వచ్చే దసరా రోజులకు చూసుకోవాలి.