పిల్లి – ఎలుక పొంతన

చీనాదేశీయుల జంతుసంవత్సరములను గూర్చి మన పత్రికలు నేటేట వినోదముగా వ్రాయుచుండును. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, మకరసర్పము, పాము, గుఱ్ఱము, గొఱ్ఱె, కోతి, కోడి, కుక్క, పంది యని జంతువులు పండ్రెండు. ఏ యేట పుట్టినవారి కా యేటి జంతువు స్వభావము పట్టునట! చదివి నవ్వుకొను గృహస్థులే తమ యింట పెండ్లిమాట వచ్చినప్పుడు పంచాంగము కడపటి పుటలు త్రిప్పుదురు. అచ్చట నున్నవి పండ్రెండు గావు, పదునాలుగు. ఆ పుటలనే యిపుడు విమర్శింపబూనితిమి.

కారణము లేకపోలేదు. గోదావరి కీవల ధర్మపురి ప్రాంతమున మాకడ చదువుకొన్న యొక బాలిక యిప్పుడు తాను నుపాధ్యాయిని. నది కావల లక్షెట్టిపేట వైపున నొక సంబంధము కుదిరినది. ఉభయులు నొకరినొకరు చూచుకొని యిష్టపడిరి. అమ్మాయిది పుబ్బ, అబ్బాయిది మిథునరాశిలోని పునర్వసు. నాడికి ఎనిమిదింటి కెనిమిది, రాశికి ఏడింటి కేడు వచ్చినవి. ముప్పదియాఱు గుణములలో పదునెనిమిది చాలునను లెక్క సులువుగా దాటినది. కాని యోనిపొంతనలో పుబ్బ ఎలుక, పునర్వసు పిల్లి. ఆ నాలుగు గుణములకు సున్న. వరుని పెద్దలు వెనుకకు దగ్గిరి. “నన్ను ఎలుకను జేసిండ్రు, సార్” అని యామె మాతో ననినప్పుడు నవ్వవలెనో యూరకుండవలెనో మాకు దోచలేదు.

ఏండ్లను చక్రముగా లెక్కించుటయందు తప్పు లేదు. బృహస్పతి సూర్యుని జుట్టివచ్చుటకు 11.86 ఏండ్లు పట్టును. చీనావారు వానిని సంవత్సరనక్షత్ర మనిరి. మనవారు వాడు సింహరాశి జేరినప్పుడు గోదావరికి పుష్కరము చేసిరి. 2003లోను 2015లోను బాసరనుండి కాళేశ్వరము దాక జనులు మునిగినది ఆ లెక్కచేతనే. వాని యైదు చుట్లు మన ప్రభవాది షష్టిసంవత్సరములు. చీనావారికిని అఱువదియే. 1966వ సంవత్సరము వారికి అగ్ని గుఱ్ఱము, మనకు పరాభవ. 2026లో నా రెండును మరల గూడివచ్చును. ఇంతవఱకు ఖగోళగణితము, దీనిపై మాకు గౌరవమే.

ఆ గుఱ్ఱమును ఆడుపిల్లకు దగిలించుటతో కథ మాఱినది. అగ్ని గుఱ్ఱపుటేట బుట్టిన స్త్రీ భర్తకు గీడుచేయునని జపానుదేశపు నమ్మకము. 1965లో నచ్చట బుట్టిన శిశువులు 18 లక్షలకు పైబడిరి. 1966లో 13 లక్షల 60 వేలకు దిగిరి. మఱుసటి యేడు 19 లక్షలు దాటిరి. రైళ్లు, కర్మాగారములు, విశ్వవిద్యాలయములు గల దేశము! మనము పరాభవ యను పేరు వినిన ముఖము చిట్లింతుమే కాని యా యేటి పిల్లను ద్రోసిపుచ్చము. అందులకు గర్వింపబనిలేదు. మూల మామగారికి, ఆశ్లేష అత్తగారికి, జ్యేష్ఠ బావగారికి, విశాఖ మఱదికి గండమని మనమును చెప్పుకొనుచునే యున్నాము. పెండ్లికుమారుని మూల యెవరికి గండమో యడుగువా రరుదు.

ఇక జంతువుల పంపకము. 1600 ప్రాంతమున కాశిలో రామదైవజ్ఞుడు రచించిన ముహూర్తచింతామణి యీ పట్టికను వివాహప్రకరణమున నిచ్చినది. సంస్కృతము చదివిన వారెవరైన నిదానముగా జూతురుగాక. అశ్వినికి గుఱ్ఱము, సరియే. మృగశిర యనగా లేడితల, దానికిచ్చినది పాము! లేడి పోయి అనూరాధా జ్యేష్ఠలకు జేరినది. ఆశ్లేషకు దేవతలు సర్పములు, దానికిచ్చినది పిల్లి. పేరునుబట్టి గాదు, దేవతనుబట్టి గాదు, మఱి దేనినిబట్టి? మే మడిగిన పండితు లొకరు “శాస్త్రము” అనిరి. శాస్త్రము హేతువు జెప్పును గదా!

చీనాలో క్రీస్తుశకము మొదటి శతాబ్దిననే వాంగ్ చుంగ్ అను పండితుడు తన లున్‌హెంగ్ గ్రంథమున నీ ప్రశ్న వేసినాడు. ఎలుక జలము, గుఱ్ఱము అగ్ని, జల మగ్నిని జయించునందురు. ఐనచో నెలుక గుఱ్ఱమును తఱుమకున్నదేమి యని యాతని యాక్షేపణము. మాకు దోచునది యింకొకటి: పిల్లి ఎలుకను దినుట యాకలిచేత, మిథునరాశిని బుట్టిన ఉద్యోగస్థునకు పుబ్బ యం దాకలి యేల గలుగును?

అదిలాబాదు అడవులలోని రాజగోండుల విధి వేఱు. వారిలో నాలుగు, ఐదు, ఆఱు, ఏడు దేవతల వారని సగలు గలవు. ఒక్క సగవారు తమలో దాము పెండ్లాడరు. కట్టడియే, కాని దానికి బంధుత్వమను నర్థ మున్నది. ఏ పిల్ల నుదుటను జంతువును వ్రాయదు.

అమ్మాయి తండ్రి మొన్న మాయింటికి వచ్చినాడు. జన్మనక్షత్రము కలియనిచో నామనక్షత్రము చూడవచ్చునని వేఱొక సిద్ధాంతిగారు సెలవిచ్చిరట. అమ్మాయి పేరు ‘సు’తో మొదలగును; కనుక శతభిషము; కనుక గుఱ్ఱము. జపానువా రెఱిగిన నేమందురో! గుఱ్ఱమునకు దున్న పగ గావున, హస్తా స్వాతుల వరులను మాత్రము తప్పించి సంబంధములు వెదకుచున్నామని యాయన సంతోషముతో జెప్పినాడు. అమ్మాయిని అడిగితిరా యని మే మడుగగా, ఆమె బడికి పోయినదనెను.