అంతఃపురపు మాట, వెలుపలి చెవి: తిక్కన సేవాధర్మంలో సమాచార నియంత్రణ

తిక్కన విరాటపర్వంలో ధౌమ్యుడు పాండవులకు బోధించిన సేవాధర్మాన్ని సాధారణంగా కొలువుకూటపు మర్యాదగా, లోకజ్ఞతగా వ్యాఖ్యానిస్తారు. రహస్యం ఎవరినుండి ఎవరికి చేరుతుందన్న రాజ్యతంత్ర చింతన కూడా అందులో ఉంది. కంప్యూటర్ భద్రతాశాస్త్రంలోని ఒక సమస్యతో పోల్చి చూస్తే ఆ చింతన బలమూ పరిమితీ స్పష్టమవుతాయి.

1992లో ఫెర్రాయెలో, కూన్ ప్రతిపాదించిన రోల్ బేస్డ్ యాక్సెస్ కంట్రోల్ పద్ధతిలో అధికారం వ్యక్తికి కాక, అతడు నిర్వహించే పాత్రకు దక్కుతుంది. ఉదాహరణకు, ఇంకా వెలువడని మార్కులను పరీక్షల విభాగపు ఉద్యోగి చూడవచ్చు, అధ్యాపకుడు చూడరాదు. ఆ ఉద్యోగి వాటిని అందరూ చదవగల మరొక ఫైలులో రాస్తే, అధ్యాపకుడు ఏ నియమాన్నీ మీరకుండానే తెలుసుకుంటాడు. చదవడమూ సక్రమమే, రాయడమూ సక్రమమే. రెండూ కలిసినప్పుడు ఏర్పడిన ప్రవాహం అక్రమం. కనుక రాసే వ్యక్తి అప్పటికి ఏమి చదివాడో, ఆ ఫైలును చదవగలవారికి ఆ విషయాలపై అధికారం ఉందో లేదో వ్యవస్థ ముందే సరిచూడాలి. లేకుంటే ఆ రాతను ఆపాలి.

నగరిలోని మాటలు వెలుపల చాటరాదన్న ధౌమ్యుని హెచ్చరిక ఈ దృష్టితో చూడదగినది. అంతఃపురంతో చుట్టరికం కీడనీ, దాని చుట్టూ తిరిగే కుబ్జ, వామన, పరిచారికాదులతో పొందు అంతకంటె చెరుపనీ చెప్పడం మరింత గమనార్హం. వారికి లోపలికి వెళ్లే అధికారమూ ఉంది, వెలుపలివారితో మాట్లాడే అవకాశమూ ఉంది. ప్రమాదం ద్వారం దగ్గర కాదు, ద్వారం దాటే హక్కున్నవారి దగ్గర ఉందని తిక్కన గ్రహించాడు. మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న కవికి ఇది కేవలం పురాణ విషయం కాదు.

అయితే ఈ బోధలో నియంత్రణ భారమంతా సేవకుని శీలంపైనే పడింది. అతడు మాట తప్పితే అడ్డుకునే ఏర్పాటు లేదు. మరొక పరిమితిని కథే చూపుతుంది. పాండవులలో ఎవరూ తమ గుట్టు బయటపెట్టలేదు. చారులు వారిని కనిపెట్టలేకపోయారు. కానీ కీచకుడు మరణించాడన్న బహిరంగ వార్త నుండే దుర్యోధనుడు భీముని ఉనికిని ఊహించాడు. దాచిన మాట కదలకపోయినా, దాచనవసరంలేని మాట దాన్ని పట్టిచ్చింది. రాతను ఆపే నియమం ఇటువంటి ఊహను ఆపలేదు.

2022 వరకు తిక్కన నెల్లూరు పేరిటి జిల్లాలోనే ఉండి, నేడు తిరుపతి జిల్లాలో చేరిన తడకు చేరువలో శ్రీసిటీ ఉంది. అక్కడ పలు దేశాల సంస్థలు ఇరుగుపొరుగున పనిచేస్తున్నాయి. ఇటువంటి చోట ఉద్యోగి, గుత్తేదారు, సరఫరాదారు అందరూ ద్వారం దాటే హక్కున్నవారే. ఎవరు లోపలికి రావచ్చునన్న ప్రశ్నతో రక్షణ పూర్తికాదు; వచ్చినవారితో ఏది వెలుపలికి పోతుందన్నదే అసలు ప్రశ్న. సేవాధర్మ పద్యాలను వినయపాఠాలుగా మాత్రమే బోధిస్తే విద్యార్థికి ఈ రెండవ ప్రశ్న అందకుండా పోతుంది.