సున్నం పాళ్లు తెలిసిన చేతులు

మొక్కజొన్న రొట్టె అంటే పిండి తడిపి తట్టేయడమేగా అనుకుంటాం. మెక్సికోలోని వహాకా ఆడవాళ్ల ముందు ఆ మాట అనకండి. అక్కడ రొట్టె పని ముందురోజు రాత్రే మొదలవుతుంది.

ఎండు గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడకబెడతారు. మనం తమలపాకుకు రాసుకునే సున్నమే. గింజను వేళ్ల మధ్య నలిపితే పొట్టు జారిపోవాలి, లోపల పలుకు మిగలాలి. అప్పుడు దించి తెల్లవార్లూ నాననిస్తారు. పొద్దున్నే ఆ పసుప్పచ్చ నీళ్లు వంపేసి, కడిగి, మెతాతె అనే మూడుకాళ్ల వాలురాయి ముందు మోకాళ్ల మీద కూర్చుని మెత్తగా నూరతారు. ముద్దను చేతులతో తట్టి పెనం మీద వేస్తే తోర్తియా పూరీలా పొంగాలి. పొంగించిన పిల్లకు ఇక పెళ్లి చేసేయొచ్చంటారట!

వహాకాలోనే తెయోతిత్లాన్ దెల్ వాయె ఊళ్లో జపోతెక్ తెగ వంటగత్తె అబిగైల్ మెండోసా అక్కచెల్లెళ్లతో కలిసి ‘త్లమనాల్లి’ భోజనశాల పెట్టారు. మసాలాలూ, మొక్కజొన్నా ఆ రాతి మీదే నూరతారు. అలాంటి చేతి ముందు నాకు ఏ మిక్సీ ఆనదు.

ఈ సున్నపు విద్య మూడు వేల ఏళ్ల నాటిదంటారు. గింజలో చిక్కుపడి ఉన్న నయాసిన్ అనే విటమిన్‌ను సున్నం విడిపిస్తుంది, కాల్షియం చేరుస్తుంది. ఐరోపావాళ్లు గింజనైతే పట్టుకుపోయారు గానీ సున్నాన్ని వదిలేశారు. మొక్కజొన్నే ప్రధాన తిండి అయిన చోట్ల పేదలు పెల్లాగ్రా అనే నయాసిన్ లోపపు జబ్బుతో దాని మూల్యం చెల్లించారు.

తోర్తియా ఒంటరిదీ కాదు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే చేలో పెరుగుతాయి. ఆ చేను పేరు మిల్పా. పక్కన నోపాల్, అంటే మన గట్ల మీది నాగజెముడు చుట్టం. ముళ్లు గీకి, కోసి, కాల్చి తింటారు. చిక్కుడు గింజల పీచూ, నోపాల్ జిగురూ కలిస్తే చక్కెర రక్తంలోకి పరుగెత్తదు, నింపాదిగా నడుస్తుంది.

2010లో యునెస్కో ఈ మెక్సికో వంటను వారసత్వ జాబితాలో చేర్చింది. 2016లో అదే దేశం మధుమేహంపై అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఎంత సిగ్గుచేటు! అక్కడి చియాపాస్ కొండల్లో మొక్కజొన్న గంజి తాగిన నోళ్లకు ఇప్పుడు కూల్‌డ్రింకు సీసా అలవాటు. 2014లో లీటరుకు ఒక పెసో పన్ను వేశారు, సీసా మాత్రం బల్ల దిగలేదు. సంచిలో రెడీమేడ్ పిండి వచ్చింది. అదీ సున్నంలో ఉడికిందేనంటారు. నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఆ వాసనేదీ, నమిలితే పంటికి తగిలే ఆ పలుకేదీ?

పీమా అనే ఆదివాసుల లెక్క చూడండి. అమెరికాలో ఉన్నవారిలో మధుమేహం 38 శాతం, మెక్సికోలోని సొనోరా కొండల్లో పాత పద్ధతిలో బతికే వారి రక్తబంధువుల్లో 7 శాతం లోపే. 2006లో అచ్చయిన లెక్క ఇది. తిండి ఒక్కటే కారణమనను, కాయకష్టమూ ఉంది.

ఆరోగ్య శాఖలవాళ్లకు నా విన్నపం ఒకటే. కరపత్రాల డబ్బుతో ఊరికో ముసలమ్మకు జీతమివ్వండి, ఆసుపత్రి వాకిట్లోనే పొయ్యి పెట్టించండి. రోగుల కూతుళ్లకూ కొడుకులకూ సున్నం పాళ్లు ఆవిడే నేర్పుతుంది. ఎక్కువైతే చేదు, తక్కువైతే పొట్టు ఊడదు. అది పిండి సంచి మీద అచ్చేసి ఉండదు.