గెడ్డ పక్కన మైకు

శీతాకాలం వస్తే నౌపడ పక్కనున్న తేలినీలాపురానికి కెమెరాలతో చాలామంది వస్తారు. చెట్ల మీద పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు గూళ్లు కట్టుకుని ఉంటాయి. ఫొటోలకు కొదవ లేదు. కళ్లు మూసుకుని వింటే మరో సంగతి తెలుస్తుంది. అంత పెద్ద పెలికాన్‌కు గొంతు దాదాపు లేనట్టే, గోలంతా పిల్లలది. పెద్ద స్టార్కులేమో ముక్కులు టకటకలాడిస్తాయి. ఇదేదీ ఫొటోలో పడదు.

ధ్వనిని పట్టి దాచడం పాత విద్యే. 1889లో జర్మనీలో లుడ్విగ్ కోక్ అనే ఎనిమిదేళ్ల పిల్లవాడు తాను పెంచుకుంటున్న షామా అనే పిట్ట పాటను ఎడిసన్ మైనపు సిలిండర్ మీదికి ఎక్కించాడు. మనకు మిగిలిన పక్షి రికార్డుల్లో మొదటిది అదేనంటారు. షామా మన దేశపు అడవిపిట్టే.

రికార్డు చేసేవాళ్లకు అసలు పరీక్ష నీటి దగ్గర. నౌపడలో రైలెక్కి పలాస దాటి మందస రోడ్డు స్టేషన్లో దిగితే మహేంద్రగిరి దిగువ అడవి దగ్గరే. అక్కడి గెడ్డ చెవికి ఎంత హాయిగా ఉన్నా మైకుకు ఒట్టి బుస్సుమనే మోత. మన చెవి నీటిని వెనక్కి నెట్టి పిట్టను ఏరుకుంటుంది, మైకుకు ఆ తెలివి లేదు. పైగా నీటి సవ్వడి చాలావరకు అందులో చిక్కుకున్న గాలిబుడగలది. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధమున్న బుడగ సెకనుకు సుమారు 3,300 సార్లు కంపిస్తుంది. చాలా పిట్టల కూతలు ఉండేది కూడా సరిగ్గా ఆ మేరలోనే. అందుకని రాళ్ల మీద నీరు విరిగేచోట మైకు పెట్టకూడదు. గట్టు చాటుకో, వంపు అవతలికో జరిగితే నీరు వెనక్కి తగ్గి అడవి ముందుకొస్తుంది. ఇసుక మీద పారేచోట మోత ఇంకా మెత్తన. నా లెక్కలో ఖరీదైన మైకు కన్నా ఈ జరగడమే గొప్ప.

నడుస్తూ రికార్డు చేస్తే మిగిలేది చెప్పుల చప్పుడు. మైకును కొమ్మకో స్టాండుకో తగిలించి, బొచ్చు తొడుగు వేసి, దూరంగా కూర్చోవాలి. ఫోనైతే ధ్వనిని దానంతటదే హెచ్చించే సదుపాయం ఆపేయాలి, లేకపోతే పిట్ట ఆగినప్పుడల్లా గెడ్డ ఉబ్బుతుంది. ఎంపీ3 వద్దు, వేవ్ ఫైలు మేలు. దూరపు రైలు కూత పడితే కోసేయకండి, అదీ అక్కడి ధ్వనే. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా మాత్రం వెళ్లొద్దు. మందస, సోంపేట వైపు ఎలుగుబంట్లు తిరుగుతాయి.

ఇదంతా ఎందుకంటారా? కడప లంకమల అడవుల్లో 1986లో మళ్లీ కనిపించిన కలివికోడి రాత్రిపూట తిరిగే పిట్ట, కంటికి దొరకడం కష్టం. దాని కూత రికార్డయ్యాకే, ఆ కూత వినిపించి ఇంకెక్కడుందో వెతకడం సాధ్యమైంది. ఇక ఈ వైపు, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడితోటలను కూల్చేసింది. అంతకు ముందటి తోటల తెల్లవారుజాము మోత ఎవరి దగ్గరైనా ఉంటే, ఇప్పుడు ఎంత డబ్బు పోసినా మళ్లీ చేయలేని రికార్డు అది.

ఈసారి తేలినీలాపురం వెళ్తే పది నిమిషాల ధ్వని కూడా పట్టండి. గూళ్ల దగ్గర మాత్రం దాన్ని తిరిగి మోగించకండి, పక్షులు బెదురుతాయి. చివర్లో ఊరు, తేదీ, వేళ మీ నోటితో చెప్పండి. అవి లేని రికార్డు పరిశోధకులకు పనికిరాదు.