చెక్క పెన్ను, ఇత్తడి గొట్టం

చెక్క పెన్నుల కిట్లలో స్లిమ్‌లైన్ పాత రకం. అందులో 7 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టాలు రెండు, మొన, క్లిప్పు, నడుమ పట్టీ, తిప్పితే రీఫిల్‌ను బయటికి తోసే మర ఉంటాయి. టేకైనా రోజ్‌వుడ్డైనా చెక్క మాత్రం పనివాడు ఎంచుకున్నదే. ముక్కను రెండుగా కోసి, నిలువునా తొలిచి, గొట్టాలను జిగురుతో లోపల బిగిస్తారు. ముందుగా వాటిని ఉప్పుకాగితంతో రుద్దాలి. నున్నటి ఇత్తడికి జిగురు సరిగా పట్టదు. కోసేముందు పెన్సిల్ గీత పెట్టుకున్నవాడి పెన్నులో చెక్క చార పట్టీకి అటూ ఇటూ తెగకుండా సాగుతుంది. ఈ కిట్‌ను చవకదని తీసిపారేసేవాళ్లు ఆ చారను చూడాలి.

అసలు పరీక్ష లేత్ మీద. ముక్కల కొసల్లో బుష్‌లు పెట్టి, చెక్క వాటి మందానికి దిగేదాకా ఉలితో చెక్కుతారు. అంచుల దగ్గర గొట్టం మీద మిగిలే చెక్క మిల్లీమీటరు కూడా ఉండదు. ఉలి మొద్దుబారితే అక్కడే పెచ్చు లేస్తుంది. తర్వాత నునుపు, మైనం లేదా సూపర్ గ్లూ పూత.

కూర్పులో మరను కొంచెం కొంచెంగా నొక్కుతూ రీఫిల్ పెట్టి చూసుకుంటారు. ఎక్కువ దిగితే రీఫిల్ మొన లోపలికి పోదు, తక్కువైతే రాయడానికి చాలినంత బయటికి రాదు.