కృత్రిమ దంతమూలములు: నూటికి నూరు దేనికి?

ఊడిన పంటికి బదులు దవడ ఎముకలో టైటేనియం మరను బిగించి, దానిపై కృత్రిమ దంతమును నిలుపు పద్ధతి నేడు మన పట్టణములలో కొత్తది కాదు. అది నూటికి నూరు పాళ్ళు నిలుచునను మాట కూడ తరచు వినవచ్చుచున్నది. ఆ మాట బలమెంతయో తెలియవలెనన్న, ఈ విద్యకు పునాది వేసిన 1981 నాటి నివేదికను మరల చదువుట మంచిది. స్వీడన్ దేశములోని గొటెన్‌బర్గ్ నగరమున బ్రోనెమార్క్, అడెల్ మొదలగు నలుగురు చేసిన పని యిది.

టైటేనియమును ఎముక త్రోసివేయక, దానిని అంటిపెట్టుకొని పెరుగునని బ్రోనెమార్క్ కుందేళ్ళపై పరిశోధించుచు గమనించెను. 1965లో మొదటి రోగికి మరలు అమర్చిరి. 1980 వరకు 371 మందికి, 410 దవడలలో 2768 మరలు బిగించిరి. వీరందరును పండ్లు పూర్తిగా పోయినవారే. వచ్చినవారిని వచ్చినట్లు లెక్కలో చేర్చుట, ఊడిన మరలను దాచకుండుట ఈ నివేదికలోని గొప్ప సుగుణములు.

అయితే శీర్షికలో 15 ఏండ్లని యున్నను, ముఖ్య ఫలితములు 130 దవడలలోని 895 మరలవి మాత్రమే. వానిని పరిశీలించిన కాలము 5 నుండి 9 ఏండ్లు. పైదవడలో నూటికి 81, క్రిందిదవడలో 91 మరలు స్థిరముగా నిలిచినవి. మరలపై కట్టిన దంతవరుసలో? పైదవడలో 89, క్రిందిదవడలో 100!

మరలు కొన్ని ఊడినను, వరుసలన్నియు ఎట్లు నిలిచినవి? విద్యార్థులు 895ను 130చే భాగింతురు గాక. దవడకు సుమారు 7 మరలు వచ్చును. ఒకటి ఊడినను తక్కినవి బరువును మోయగలవు. కనుక ఆ నూరు దంతవరుసలదే గాని మరలది కాదు. ఒక పన్ను పోయి ఒక్క మర వేయించుకొనువానికి ఆ అంకెను చూపుట న్యాయము కాదు. తరువాతి కాలపు మెరుగైన మరలు పదేండ్లకు నూటికి 90కి పైగా నిలుచుచున్నవి. ఒంటి పంటి సంగతి చెప్పవలసినవి అట్టి పరిశోధనలే.

నివేదికలో లేనిది మరియొకటి గలదు. తీసి పెట్టుకొను కట్టుడు పండ్లవారితో పోల్చి చూపలేదు. సహజదంతమునకును ఎముకకును నడుమ మెత్తని నారపొర యుండి, నమలునప్పటి ఒత్తిడిని తెలుపును. మరకు అది లేదు. మర చుట్టును చిగురు వాచి ఎముక కరగుటయు కలదు. కావున శుభ్రత తప్పదు.

ఇది ఆ శాస్త్రజ్ఞుల ఘనతను తగ్గించుట కాదు. వారు రెండు లెక్కలను వేరువేరుగ వ్రాసిరి. వానిని కలిపినది తరువాతివారు. నూటికి ఇంత యని ఎవరు చెప్పినను, నూరు వేనిని లెక్కించిరో, ఎన్నేండ్లు చూచిరో మొదట అడుగవలెను.